గట్టు మీద తంగేడు: గింజ నుంచి బతుకమ్మ దాకా

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య దగ్గర పడిందంటే నల్లగొండ, పాలమూరు బజార్లలో తంగేడు పువ్వు కట్టలు కట్టలుగా అమ్మకానికి వస్తుంది. నిజానికి ఇది కొనుక్కునే పువ్వు కాదు. గంప పట్టుకుని ఊరి బయటికి పోతే గుట్ట వాలున, ఒర్రె ఒడ్డున, బీడులో కావలసినంత దొరికేది. ఇప్పుడు ఆ బీడు చదునై వెంచర్ అయింది. ఆ ఒర్రె గట్టును జేసీబీ తోడేసింది. మిగిలిన నాలుగు చెట్ల మీద పండుగ రోజు ఊరంతా పడుతోంది. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు గానీ, మందారమో నందివర్ధనమో దొరికినంత సులువుగా ఈ మొక్క నర్సరీలో దొరకదు.

ఇంటి ముందరో, చేను గట్టునో, బడి ఆవరణలోనో మీరే పెంచుకోవచ్చు, ఖర్చు కూడా దాదాపు ఉండదు. కాకపోతే ఒక సంగతి ముందే తెలుసుకోండి. తంగేడుకు మొదటి ఏడాది మీరు కావాలి, ఆ తర్వాత పెద్దగా అక్కర్లేదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అడవి మొక్కే కదా, అదే బతుకుతుందిలే అని నాటిన ఏడు గాలికి వదిలేస్తారు. ఎలాగో బతికి పూత పూశాక ముచ్చటపడి రోజూ నీళ్లు, గుప్పెడు గుప్పెడు యూరియా పోస్తారు. ఆ రెండూ దానికి పడవు.

ముందు చెట్టును గుర్తుపట్టండి

పసుపు పువ్వు పూసేదల్లా తంగేడు కాదు. నర్సరీలో అడిగితే టెకోమా చేతికిచ్చి పంపేవాళ్లున్నారు. రోడ్ల పక్కన నీడ కోసం పెంచే సీమ తంగేడు పెద్ద మాను అవుతుంది, దాని పువ్వు చిన్నది. ఎండాకాలంలో గుత్తులుగా వేలాడే రేల వేరు, వానకు పొలం గట్ల మీద మొలిచే తగిరిస, కసివింద వేరు. సునాముఖి ఆకు కోసం పెంచే నేల తంగేడు కూడా వేరే మొక్కే.

మనకు కావలసింది ఆరేడు అడుగుల పొద. నేల దగ్గరి నుంచే కొమ్మలు వేస్తుంది, నేల బాగుంటే పది అడుగుల దాకా పోతుంది. ఈనెకు రెండు పక్కలా ఎనిమిది నుంచి పన్నెండు జతల చిట్టి ఆకులుంటాయి. తప్పకుండా చూడాల్సిన గుర్తు ఆకు కాడ మొదట్లో ఉంటుంది. అక్కడ చెవి ఆకారంలో వెడల్పాటి చిన్న ఆకు కొమ్మను పట్టుకుని కనిపిస్తుంది. పువ్వు లేని రోజుల్లో కూడా ఈ ఒక్క గుర్తుతో తేల్చుకోవచ్చు. కాయ పలచగా, చదునుగా, బెత్తెడు పొడవుంటుంది, లోపల గింజలున్న చోట ఉబ్బెత్తుగా తెలుస్తుంది. నర్సరీవాళ్లకు శాస్త్రీయ నామం చెప్పాల్సి వస్తే సెన్నా ఆరిక్యులేటా అనండి. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది, రెండూ ఒకటే.

గింజ ఎప్పుడు, ఎలా ఏరాలి

కొమ్మ గుచ్చి బతికించాలని చూడకండి. గుట్ట మీది పెద్ద చెట్టును పెకిలించుకొచ్చి నాటాలని అసలే చూడకండి. దీని తల్లివేరు నిలువునా లోతుకు దిగుతుంది. గడ్డపారతో ఎంత జాగ్రత్తగా తవ్వినా ఆ వేరు సగంలో తెగుతుంది. అక్కడి చెట్టు పోతుంది, ఇక్కడ చెట్టు రాదు. నమ్మకమైన దారి గింజే.

వానాకాలం చివర పూసిన పువ్వు సంక్రాంతి తర్వాత ఎండిన కాయగా మారుతుంది. ముదురు గోధుమ రంగుకు తిరిగి, ఊపితే గలగలమనే కాయలు కోయండి. పచ్చి కాయ తెచ్చి ఎండబెడితే గింజ ముడుచుకుపోతుంది. ఒకే చెట్టు మీద పడకుండా ఐదారు చెట్ల నుంచి కొన్ని కొన్ని ఏరండి. కొన్ని చెట్లు గుత్తంగా, కొన్ని పలచగా పూస్తాయి. నాలుగు రకాల గింజ ఉంటే మీ గట్టు మీద కనీసం కొన్నైనా మంచివి వస్తాయి.

ఒలిచిన గింజల్లో సూది మొన తిరిగినంత బెజ్జం ఉన్నవి కనిపిస్తే అవి పురుగు తిన్నవి, పారేయండి. మిగతావి నీళ్ల గ్లాసులో వేసి తేలినవి తీసేయండి. మునిగిన గింజను నీడలో బాగా ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి, గాలి చొరబడని సీసాలో పెడితే మృగశిర దాకా నిశ్చింతగా ఉంటుంది.

మొలకెత్తించడం

ఎక్కువమంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. గింజ వేశాం, నెలైనా మొలవలేదు, గింజలో జీవం లేదంటారు. జీవం ఉంటుంది, నీళ్లే లోపలికి పోవు. తంగేడు గింజ పొట్టు చాలా గట్టిది. తొలకరి జల్లుకు తొందరపడి మొలిచి, తర్వాతి ఎండకు చావకుండా ఆ పొట్టు దాన్ని ఆపుతుంది. బీడు భూమిలో అది మంచి ఏర్పాటే. మీ సంచిలో మాత్రం అడ్డం. ఆ పొట్టును మీరు మెత్తబరచాలి.

నీళ్లు బాగా మరిగించి పొయ్యి మీది నుంచి దించండి. పొంగు తగ్గాక గింజలు అందులో వేయండి. మరుగుతుండగా వేస్తే ఉడికిపోతాయి. ఆ నీళ్లలోనే రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే కొన్ని రెట్టింపు లావున ఉబ్బి ఉంటాయి, అవి ఆ రోజే నాటాలి. ఉబ్బనివి కూడా మిగులుతాయి. వాటిని పారేయకుండా, ఒక్కో గింజను గరుకు కాగితం మీద ఒక పక్కన నాలుగు సార్లు రుద్ది మళ్లీ నానబెట్టండి. మొలక వచ్చే మొన వైపు రుద్దకూడదు, పక్కన రుద్దాలి. గింజలు పదీ ఇరవై మాత్రమే ఉంటే వేడి నీళ్ల జోలికి పోకుండా మొదటే రుద్దుకోవడం మేలు.

సంచిలోనా, నేరుగా నేలలోనా?

చేను గట్టుకైతే నేరుగా నేలలో వేయమనే చెబుతాను. తల్లివేరుకు అడ్డం లేకుండా మొదటి రోజు నుంచే కిందికి పోతుంది, అలా పెరిగిన మొక్క ఎండకు ఎక్కువ తట్టుకుంటుంది. మృగశిర దాటి ఆరుద్రలో నేల బాగా తడిసిన తర్వాత, ఒక్కో చోట మూడు నాలుగు గింజలు, వేలి కణుపు సగం లోతుకు మించకుండా పెట్టి మట్టి కప్పండి. మొలిచాక బలమైన ఒక్కటి ఉంచి మిగతావి గిల్లేయండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది.

ఇంటి ముందరికైతే సంచి మంచిది, కళ్ల ముందు ఉంటుంది. సన్నగా, లోతుగా ఉండే సంచి తీసుకోండి. అడుగు లోతుకు తగ్గితే వేరు కింద చుట్ట చుట్టుకుంటుంది, ఆ చుట్ట తర్వాత విప్పుకోదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పెంట ఎరువు కలపండి. పచ్చి పేడ వద్దు, చెదలు వస్తాయి. సంచులు ఎండలోనే ఉంచండి. ముద్దుగా నీడలో పెంచితే పొడుగ్గా సాగి, నాటిన మర్నాడే వాలిపోతుంది. వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. జానెడు ఎత్తు రాగానే నాటేయాలి. మే నెల మొదట్లో సంచిలో వేస్తే జూలై వానలకు మొక్క సిద్ధంగా ఉంటుంది.

గింజ దొరకకపోతే ఇంకో దారి ఉంది. జూలైలో పాత చెట్టు కింద నాలుగాకుల పిల్లలు మొలిచి ఉంటాయి. ముసురు పట్టిన రోజు, కింది మట్టితో సహా పారతో లోతుగా ఎత్తి సంచిలోకి మార్చుకోండి. బెత్తెడు దాటినవాటిని ముట్టుకోకండి, వేరు అప్పటికే చేతికందనంత లోతుకు పోయి ఉంటుంది.

చోటు, గుంత

ఎర్ర చెల్క, దుబ్బ నేల, మొరం గట్టు, రాళ్లు తేలిన వాలు, ఏదైనా సరే. పాలమూరులో సగటున ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే వాన దీనికి చాలు. ఇబ్బంది నల్లరేగడితోనే. ఆ నేల ముసురుకు నీళ్లు పట్టి వదలదు, వేరు కుళ్లుతుంది. రేగడి అయితే అడుగు ఎత్తు గట్టు పోసి దాని మీద నాటండి, లేదా కాలువ అంచున నీళ్లు జారిపోయే చోటు చూడండి. ఎండ మాత్రం పూర్తిగా తగలాలి. వేప చెట్టు కింద పెడితే ఆకు వస్తుంది, పువ్వు రాదు.

గుంత ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు. మొరం గట్టిగా ఉంటే ఎండాకాలంలోనే తవ్వి వదిలేయండి, తొలకరికి మెత్తబడుతుంది. తవ్విన మట్టిలోనే రెండు తట్టల పెంట ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపండి. వేపపిండి ఎందుకంటే మన ఎర్ర నేలల్లో లేత మొక్కకు మొదటి శత్రువు చెదలే. ఇంతకు మించి ఎరువు అక్కర్లేదు, ఇప్పుడే కాదు, ఎప్పటికీ అక్కర్లేదు. బలం ఎక్కువైతే కొమ్మలు నీరుబట్టి సాగుతాయి, పువ్వు తగ్గుతుంది.

పొదలు విడివిడిగా కనిపించాలంటే ఐదారు అడుగుల దూరం, కంచెలా అల్లుకోవాలంటే మూడు అడుగులు. గట్టు మీద కంచెకు దీన్ని ఎంచుకోవడంలో ఒక లాభం ఉంది. పశువులు పెద్దగా మేయవు. మేకలు మాత్రం ఏమీ దొరకని రోజుల్లో లేత చిగురు కొరుకుతాయి, అందుకని మొదటి ఏడాది చుట్టూ తుమ్మ కంప వేయండి.

ఇది పప్పుజాతి మొక్క కదా, పక్క పంటకు నత్రజని ఇస్తుందని కొందరు అంటారు. తంగేడు వేరుకు కంది, పెసరలా బుడిపెలు కట్టవు, కాబట్టి అది ఆశించకండి. ఆకు సంగతి వేరు. వెనకట వరి మడిలో తంగేడు రెమ్మలు వేసి తొక్కించేవాళ్లు, పచ్చిరొట్టగా బాగా పనికొస్తుంది. కత్తిరించిన రెమ్మలను మీరూ మొక్క మొదట్లో పరుచుకోవచ్చు.

మొదటి ఎండాకాలం

జూలైలో నాటిన మొక్క వానలకు తనంతట తానే నిలదొక్కుకుంటుంది. రెండు వానల మధ్య పది పదిహేను రోజులు ఎండ కాస్తే ఒకసారి నీళ్లు పోయండి. చలికాలంలో రెండు వారాలకోసారి చాలు. అసలు పరీక్ష మార్చి నుంచి మే దాకా. దేవరకొండ, అచ్చంపేట వైపు రాతి నేలలు ఏప్రిల్‌లో ఎలా కాలుతాయో మీకు చెప్పనక్కర్లేదు. ఈ మూడు నెలలు వారానికోసారి, సాయంత్రం, మొక్కకు ఒక బకెట్ నీళ్లు నెమ్మదిగా ఇంకేలా పోయండి. రోజూ చెంబెడు పోయడం తప్పు. పైపైన తడిస్తే వేరు పైపైనే ఉంటుంది, మీరు నాలుగు రోజులు ఊరికి పోతే మొక్క పోతుంది. వారానికోసారి నిండుగా పోస్తే తడి వెంట వేరు లోతుకు దిగుతుంది.

బకెట్ మోయలేనంత దూరమైతే, అడుగున సన్న బెజ్జం పెట్టిన పాత కుండను మొక్క పక్కన మెడ దాకా పూడ్చి నింపి రండి. మొదట్లో ఎండు గడ్డి, వేరుశెనగ పొట్టు ఏదో ఒకటి మందంగా పరచండి, కాండానికి మాత్రం తగలనీయకండి, చెదలు ఎక్కుతాయి.

మే నెలలో ఆకు సగం రాలితే టెన్షన్ పడకండి. గోటితో కొమ్మ బెరడు కొద్దిగా గీకి చూడండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. రెండో ఎండాకాలం నుంచి నేలలో నాటినవాటికి నీళ్లు మానేయండి.

కత్తెర

తంగేడు పువ్వు కొత్త చిగురు కొసల్లో గుత్తిగా వస్తుంది. కాబట్టి కొసలెన్ని ఉంటే గుత్తులన్ని. వదిలేస్తే నాలుగేళ్లకు కింద కట్టె తేలి, పైన మాత్రం పూస్తుంది, నిచ్చెన వేసుకుని కోసుకోవాలి.

మొక్క మోకాలెత్తు రాగానే తల తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. రెండో ఏటి నుంచి కాయ ఏరుకున్నాక, ఫిబ్రవరి మార్చిలో, ప్రతి కొమ్మను మూడో వంతు కత్తిరించండి. బాగా ముదిరిపోయిన పొదను నేలకు అడుగెత్తున కొట్టేసినా మొదలు నుంచి మళ్లీ చిగురేస్తుంది. అయితే దాన్ని తొలకరికి ముందే చేయాలి. జూన్‌లో చిగురు కొసలు చిటికెన వేలంత గిల్లుకోవచ్చు, ఆపైన మాత్రం కత్తెర దాచేయండి. ఆగస్టులో పొద అందంగా లేదని గుండ్రంగా కొట్టించారో, పండుగకు ఆకులతోనే బతుకమ్మ పేర్చుకోవాలి. బడుల్లో, ఆఫీసుల్లో ఆగస్టు 15 ముందు ఆవరణ శుభ్రం చేయించేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. మీ తోటమాలికి ముందే చెప్పి ఉంచండి.

చాలా మొక్కలు రెండో వానాకాలానికి పూతకొస్తాయి. మూడో ఏట గంపకు సరిపడా పువ్వు ఇస్తాయి.

పురుగులు

వానాకాలంలో ఆకుల మీద ఆకు రంగులోనే సన్నటి గొంగళి పురుగులు కనిపిస్తాయి. రెండు రోజుల్లో ఒక కొమ్మను ఈనెలు మిగిల్చి తినేస్తాయి. చూడగానే మందు కొట్టాలనిపిస్తుంది. వద్దు. లేత పసుపు, లేత ఆకుపచ్చ రంగుల్లో తోటంతా తిరిగే సీతాకోకచిలుకల పిల్లలివి, తంగేడు జాతి ఆకులే వాటి తిండి. పొద రెండు వారాల్లో మళ్లీ చిగురేస్తుంది. మరీ లేత మొక్క అయితే చేత్తో ఏరి పెద్ద పొద మీదికి మార్చండి.

మందు వద్దనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. అదీ ఊరికే రాలదు. పుప్పొడి తిత్తులకు కొసన చిన్న రంధ్రాలుంటాయి. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఒళ్లు ఝుమ్మని అదిలిస్తే, ఆ రంధ్రాల్లోంచి పుప్పొడి దాని మీద కురుస్తుంది. పొద్దున పూట పొద దగ్గర నిలబడితే ఆ చప్పుడు వినిపిస్తుంది, ఆగి ఆగి వస్తుంది. తుమ్మెద లేకపోతే కాయ లేదు, వచ్చే ఏటికి గింజ లేదు.

చిగుళ్లకు పేనుబంక పడితే గట్టిగా నీళ్లు చిమ్మండి, తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నురగ కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. పిండినల్లి పట్టిన కొస కోసి కాల్చేయండి. చెట్టు ఉన్నట్టుండి మొత్తంగా వాడిపోతే మొదలు దగ్గర తవ్వి చూడండి. ఎర్ర నేలలో అయితే సాధారణంగా చెదలు, నల్ల నేలలో అయితే నీళ్లు నిలవడం.

కుండీలో

అపార్ట్‌మెంట్ వాళ్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నా. పెరుగుతుంది, కానీ గట్టు మీద పూసినట్టు పూయదు. ఒకటిన్నర అడుగు లోతున్న డ్రమ్ము, అడుగున నాలుగు బెజ్జాలు, ఇసుక ఎక్కువ కలిపిన ఎర్రమట్టి, డాబా మీద పూర్తి ఎండ. కుండీలో వేరు లోతుకు పోలేదు కనుక ఎండాకాలం నీళ్లు ఆపడానికి ఉండదు, పైమట్టి రెండంగుళాలు ఎండాక పోయాలి. బాల్కనీ నీడలో ఆశ పెట్టుకోకండి.

పండుగ పువ్వు కోత

పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులకూ మీ పొద సరిపోవాలంటే మొదటి రోజే దులిపేయకూడదు. గుత్తిలో పువ్వులు కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి, పైన మొగ్గలు చాలా ఉంటాయి. కింది పువ్వులు రెండు మూడు విచ్చుకున్న గుత్తిని, బెత్తెడు కాడ ఉండేలా కత్తెరతో కోయండి. కొమ్మ పట్టి విరిస్తే బెరడు చీలి కింది దాకా లేస్తుంది, ఆ కొమ్మ వచ్చే ఏడు పూయదు.

తెల్లవారుజామున మంచు తడి ఉండగా కోసి, తడి బట్ట చుట్టి గంపలో నీడన పెడితే సాయంత్రం దాకా నిలుస్తుంది. ప్లాస్టిక్ కవర్లో కుక్కితే మధ్యాహ్నానికే రేకులు నల్లబడతాయి. పేర్చేటప్పుడు నాలుగైదు గుత్తులు కలిపి దారంతో చిన్న కట్ట కట్టి, కాడలు సమంగా కత్తిరిస్తే తాంబాళంలో వరస చక్కగా నిలబడుతుంది, దాని మీద గునుగు పువ్వు బరువు పెట్టినా ఒరగదు. ప్రతి పొద మీదా కనీసం పావు వంతు పువ్వు వదిలేయండి, గింజకు.

పువ్వు మిగిలితే ఎండబెట్టి టీ కాచుకుంటే షుగర్ తగ్గుతుందని చాలామంది చెబుతారు. నాటు వైద్యంలో తంగేడు పువ్వుకు, బెరడుకు పేరుంది నిజమే, కానీ దాన్ని నమ్ముకుని షుగర్ మాత్రలు ఆపకండి. మాత్రలు వేసుకుంటూ ఇదీ తాగాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పండి. గర్భిణులు దూరంగా ఉండటం మంచిది. బెరడు సంగతికొస్తే, అందులో తోలును పదును చేసే వగరు చాలా ఉంటుంది. దక్షిణాదిలో తోళ్ల పరిశ్రమ చాలా కాలం ఈ బెరడు మీదే నడిచింది, తర్వాత విదేశాల నుంచి వాటిల్ అనే చెట్టు బెరడు దిగుమతై దీని గిరాకీ తగ్గింది. మందుకని ఎవరైనా మీ పొద బెరడు అడిగితే కత్తిరింపు రోజున పడిన కొమ్మలు ఇవ్వండి, నిలబడి ఉన్న కాండం చుట్టూ చెక్కనివ్వకండి. చుట్టూ బెరడు పోతే ఆ పైభాగమంతా ఎండిపోతుంది.